సీలు తీసిన సెట్టా, సీలు వేసిన సెట్టా? వెండి స్మారక నాణేల కొనుగోలులో చూడవలసినవి

ద్వారక (న్యూఢిల్లీ): స్మారక వెండి నాణేల సెట్లు కొనేవారికి తొలుత ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. టంకశాల నుంచి వచ్చినది వచ్చినట్టే సీలుతో ఉన్న సెట్టును ఎక్కువ ధర పెట్టి తీసుకోవాలా, సీలు తీసిన సెట్టును కొంత తక్కువకు తీసుకోవాలా? చాలామంది మొదటి దానివైపే మొగ్గు చూపుతారు. సీలు ఉంటే లోపలి నాణెం అసలైనదని, మచ్చలేనిదని నమ్ముతారు. అయితే సీలు చెప్పే సాక్ష్యం ఒక్కటే: ఆ పెట్టెను ఎవరూ తెరవలేదని. లోపలి లోహం ఏమిటో, నాణెం ఏ స్థితిలో ఉందో, రేపు అమ్మితే ఎంత వస్తుందో సీలు చెప్పదు. దాన్ని వేసిందెవరో తెలియకపోతే, తెరవలేదన్న సాక్ష్యం కూడా నిలవదు.

ఢిల్లీ నైరుతి దిక్కున ఉన్న ద్వారక ఉపనగరంలో ఉద్యోగరీత్యా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ ప్రశ్న పలు సందర్భాల్లో ఎదురుకావచ్చు. ధనత్రయోదశికి వెండి కొనేవారు కొందరు, పెళ్లికో పదవీ విరమణకో కానుకగా ఇచ్చేవారు కొందరు. పెద్దల బీరువాలో దొరికిన పాత సెట్టును తెరవాలో వద్దో తేల్చుకోలేనివారు మరికొందరు. వీరందరికీ ఉపయోగపడే ప్రాథమిక సమాచారం ఇది.

స్మారక నాణెం అంటే ఏమిటి?

ఒక వ్యక్తి, సంస్థ లేదా ఘటన జ్ఞాపకార్థం కేంద్ర ప్రభుత్వం విడుదల చేసేది స్మారక నాణెం. స్వతంత్ర భారతంలో ఈ పరంపర 1964లో జవహర్‌లాల్ నెహ్రూ స్మారక నాణేలతో మొదలైంది. వెండిలో స్మారక నాణెం 1969లో మహాత్మా గాంధీ శతజయంతి సందర్భంగా 10 రూపాయల విలువతో వెలువడింది. భారత ప్రభుత్వ టంకశాలలు ముంబయి, కోల్‌కతా, హైదరాబాద్, నోయిడాలలో ఉన్నాయి. ఈ నాలుగూ 2006లో ఏర్పడిన భారత సెక్యూరిటీ ప్రింటింగ్ అండ్ మింటింగ్ కార్పొరేషన్ కింద పనిచేస్తున్నాయి.

75, 100, 125, 150 రూపాయల వంటి విలువలతో వచ్చే వెండి నాణేలు చలామణీకి ఉద్దేశించినవి కావు. బ్యాంకు కౌంటర్లలో ఇవి లభించవు. టంకశాలే వీటిని సెట్లుగా, ముద్రిత విలువకు ఎన్నో రెట్లు ఎక్కువ ధరకు విక్రయిస్తుంది. అందువల్ల నాణెంపై ఉన్న అంకెకూ, కొనుగోలు ధరకూ సంబంధం ఉండదు.

సెట్లు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది ప్రూఫ్. మెరుగు పెట్టిన అచ్చులతో, ప్రత్యేకంగా సిద్ధం చేసిన లోహపు బిళ్లలపై ఒకటికి మించి దెబ్బలు వేసి దీన్ని తయారు చేస్తారు. నేపథ్యం అద్దంలా మెరుస్తుంది, బొమ్మ మంచు పట్టినట్టు తెల్లగా కనిపిస్తుంది. రెండోది అన్‌సర్క్యులేటెడ్. వాడుకలో దీన్ని యూఎన్‌సీ అంటారు. ఇది చలామణీలోకి వెళ్లని, సాధారణ పద్ధతిలో ముద్రించిన నాణెం. ఒకే నాణెం రెండు రకాలుగానూ రావచ్చు. ప్రూఫ్ ధర ఎక్కువ, వేలిముద్ర పడితే నష్టమూ ఎక్కువ.

ప్రతి వెండి నాణెమూ ఒకే వెండి కాదు

కొనుగోలుదారులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ‘వెండి నాణెం’ అన్న మాట వినగానే శుద్ధ వెండి అనుకోవడం పరిపాటి. కానీ దశాబ్దాలుగా లోహపు పాళ్లు మారుతూ వచ్చాయి.

1969 నాటి గాంధీ 10 రూపాయల నాణెం బరువు 15 గ్రాములు, అందులో వెండి 80 శాతం. అంటే శుద్ధ వెండి 12 గ్రాములు. 1972లో స్వాతంత్ర్య రజతోత్సవానికి వచ్చిన 10 రూపాయల నాణెం 22.5 గ్రాములు, వెండి 50 శాతమే. అంటే 11.25 గ్రాములు. కొత్త నాణెం చేతికి బరువుగా అనిపించినా, లోపలి వెండి పాత దానికంటే తక్కువ.

ఆ తరువాత ఎక్కువగా వాడుకలోకి వచ్చింది 44 మిల్లీమీటర్ల వ్యాసం, 35 గ్రాముల బరువు గల చతుర్లోహ మిశ్రమ నాణెం. ఇందులో వెండి 50, రాగి 40, నికెల్ 5, జింక్ 5 శాతం ఉంటాయి. శుద్ధ వెండి 17.5 గ్రాములు మాత్రమే. ఇటీవలి సంవత్సరాల్లో శుద్ధ వెండి నాణేలు కూడా వచ్చాయి. రిజర్వు బ్యాంకు 90 వసంతాల సందర్భంగా 2024 ఏప్రిల్‌లో విడుదలైన 90 రూపాయల నాణెం 40 గ్రాముల శుద్ధ వెండితో తయారైంది.

లెక్క సులువుగా ఉండేందుకు కిలో వెండి ధర లక్ష రూపాయలు అనుకుంటే, గాంధీ నాణెంలోని లోహం విలువ 1,200 రూపాయలు. 35 గ్రాముల చతుర్లోహ నాణెంలో 1,750 రూపాయలు. 40 గ్రాముల శుద్ధ వెండి నాణెంలో 4,000 రూపాయలు. మార్కెట్ ధర ఎంత మారినా ఈ నిష్పత్తి మారదు. సీలు ఉన్నదా లేదా అని చూడడానికి ముందే ఈ లెక్క వేసుకోవడం అవసరం.

ఎన్టీఆర్ నాణెం నేర్పే పాఠం

తెలుగువారికి బాగా పరిచయమున్న ఉదాహరణ నందమూరి తారక రామారావు శతజయంతి స్మారక నాణెం. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్ సాంస్కృతిక కేంద్రంలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము దీన్ని విడుదల చేశారు. హైదరాబాద్ టంకశాలలో తయారైన ఈ 100 రూపాయల నాణెం కూడా 44 మిల్లీమీటర్ల చతుర్లోహ నాణెమే. కొనుగోలుకు తెలుగు అభిమానులు పెద్ద సంఖ్యలో ముందుకు వచ్చారు. చెక్కపెట్టెలో అమర్చిన సెట్టు ధర అప్పట్లో 4,850 రూపాయలు. ఫోల్డర్‌లో వచ్చినవి అంతకన్నా తక్కువ.

ఇక్కడ గమనించవలసినది ధరలోని భాగాలు. 17.5 గ్రాముల వెండి విలువ అందులో ఒక భాగం. రాగి, నికెల్, జింక్ విలువ నామమాత్రం. మిగిలినది తయారీ, పెట్టె, పన్ను, అభిమానం. పెట్టె మారితే ధర మారిందంటే, కొనుగోలుదారు ప్యాకింగ్‌కు కూడా డబ్బు చెల్లిస్తున్నాడని అర్థం. కాబట్టి ఆ పెట్టె, కార్డు, కవరు చెక్కుచెదరకుండా ఉంటే వాటికి విలువ ఉండడం న్యాయమే. కానీ ఆ విలువ నాణెం విలువకు అదనం మాత్రమే, దానికి ప్రత్యామ్నాయం కాదు.

అమ్మేవారు చెప్పిన ధరను కాగితంపై నాలుగు భాగాలుగా రాసుకోవడం మంచి పద్ధతి: లోహం ఎంత, టంకశాల అసలు ధరలో తయారీ, ప్యాకింగ్ భాగం ఎంత, అరుదుదనానికి ఎంత, సీలుకు ఎంత. చివరి అంకె ఎంతో అమ్మేవారు చెప్పలేకపోతే, అది బేరమాడవలసిన అంకె.

‘సీలు’ అంటే ఏ పొర?

బజారులో ‘సీల్డ్ సెట్’ అన్న ఒక్క మాటకు పలు అర్థాలున్నాయి. నాణేల సెట్టుకు సాధారణంగా మూడు పొరలుంటాయి. నాణేన్ని పట్టి ఉంచే పారదర్శక ప్లాస్టిక్ క్యాప్సూల్ లేదా అర మొదటిది. దాన్ని అమర్చిన పెట్టె లేదా ఫోల్డర్ రెండోది. తపాలాలో వచ్చిన అట్టపెట్టె లేదా కవరు మూడోది. ‘సీలు తీశారు’ అని చెబుతున్నప్పుడు ఈ మూడింటిలో ఏది తెరిచారో అడగాలి.

బయటి అట్టపెట్టె మాత్రమే తెరిచి, లోపలి క్యాప్సూల్‌ను ముట్టుకోకుండా ఉంచిన సెట్టు సాంకేతికంగా ‘సీలు తీసినదే’. కానీ నాణెంపై ఎవరి వేలూ పడలేదు, కొనేవారు దాన్ని రెండు వైపులా చూడగలరు. సేకరణకర్తకు ఇంతకు మించిన అనుకూలత లేదు. దీనికి భిన్నంగా, క్యాప్సూల్ తెరిచి నాణేన్ని బయటకు తీసి మళ్లీ పెట్టిన సెట్టు పైకి చక్కగా కనిపించినా జాగ్రత్తగా పరిశీలించవలసినదే.

సీలు ఎవరు వేశారన్నది రెండో ప్రశ్న. ఇందులోనూ మూడు తరగతులున్నాయి.

ఒకటి, తయారీదారు సీలు. ప్రభుత్వ టంకశాల ప్యాకింగ్, లేదా శుద్ధి కర్మాగారాలు ఇచ్చే, తెరిస్తే ఆనవాలు తెలిసే కార్డు ఈ కోవలోకి వస్తాయి. హరియాణాలోని నూహ్ జిల్లాలో కర్మాగారమున్న ఎంఎంటీసీ-పాంప్ వంటి సంస్థల వెండి నాణేలు ఇలాంటి కార్డుల్లోనే వస్తాయి. అయితే ఇవి ప్రభుత్వ స్మారక నాణేలు కావు, నాణెం ఆకారంలో ఉన్న వెండి మాత్రమే.

రెండు, గ్రేడింగ్ సంస్థ సీలు. అమెరికాకు చెందిన పీసీజీఎస్, ఎన్‌జీసీ వంటివి నాణేన్ని పరీక్షించి, 70 పాయింట్ల కొలమానంపై స్థాయి నిర్ణయించి, గట్టి పారదర్శక డబ్బీలో బిగించి, వరుస సంఖ్య ఇస్తాయి. ఆ సంఖ్యను సంస్థ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. ఈ డబ్బీని పగులగొడితే ధ్రువీకరణ పోతుంది.

మూడు, వ్యాపారి సీలు. నాణేలను విడిగా సమకూర్చి, పైన ప్లాస్టిక్ పొర వేడిచేసి అంటించి ‘సీల్డ్’ అంటారు. ఈ పని చేసే యంత్రం చిన్న ప్యాకింగ్ దుకాణంలో కూడా ఉంటుంది. ఈ సీలుకు పైసా కూడా అదనంగా చెల్లించవలసిన పని లేదు.

తెరవకపోతే తెలియదు, తెరిస్తే మిగలదు

సీలు వేసిన సెట్టులోని అసలు చిక్కు ఇది. లోపం ఉందో లేదో తెలియాలంటే తెరవాలి. తెరిస్తే సీలుకు చెల్లించిన అదనపు ధర ఆ క్షణమే పోతుంది. లోపం బయటపడ్డాక వెనక్కి ఇవ్వబోతే, ‘తెరిచిన సరుకు తీసుకోం’ అన్న జవాబు రావచ్చు. తెరవకుండా దాచుకుంటే, పదేళ్ల తరువాత కొనే మరొకరు అదే చిక్కులో పడతారు.

సీలు లోపల నాణెం ఎప్పటికీ కొత్తగానే ఉంటుందన్న నమ్మకం కూడా సరికాదు. వెండి గాలిలోని గంధక సమ్మేళనాలతో కలిసి సిల్వర్ సల్ఫైడ్ పొరగా మారి నల్లబడుతుంది. రాగి పాలు ఎక్కువున్న 50 శాతం మిశ్రమం గోధుమ, ఊదా రంగులకు తిరగవచ్చు. శుద్ధ వెండి నాణేలపై పాలచుక్కల వంటి తెల్లమచ్చలు కొన్నేళ్లకు తేలుతాయి. మెత్తని పీవీసీ ప్లాస్టిక్ సంచిలో ఏళ్ల తరబడి ఉన్న నాణెంపై ఆకుపచ్చని జిగురు పేరుకుంటుంది. ప్లాస్టిక్ విచ్ఛిన్నమై ఆమ్లం విడుదల కావడమే ఇందుకు కారణం. చూస్తూ ఊరుకుంటే అది లోహాన్ని తినేస్తుంది. 1970, 1980 దశకాల నాటి సెట్టు మెత్తని ప్లాస్టిక్‌లో ఉంటే, దాన్ని అలాగే ఉంచడం కంటే తెరిచి సురక్షితమైన అరలోకి మార్చడమే నాణేనికి మేలు.

లోపల ఏముందో కనిపించని పాత సీలు విషయంలో కొనుగోలుదారు నాణేన్ని కాక, నాణెంపై ఒక ఊహను కొంటున్నాడు. ఆ ఊహకు ఎంత ధర కట్టాలో తేల్చుకోవలసినది అతడే.

సీలుకు అదనంగా ఎప్పుడు చెల్లించాలి?

మూడు షరతులు కలిసిన చోట సీలుకు విలువ ఉంటుంది. సీలు తయారీదారుదే అయి ఉండాలి. టంకశాల బిల్లు లేదా ఆర్డరు పత్రం జతగా ఉండాలి. నాణెం రెండు ముఖాలూ సీలు తీయకుండానే కనిపించాలి. మూడూ ఉంటే అదనపు ధర సమంజసం. రెండే ఉంటే బేరమాడాలి. ఒక్కటే ఉంటే సీలు లేనట్టే లెక్క.

అమెరికా అనుభవం ఇక్కడ పనికివస్తుంది. అక్కడి ఖజానాలో దశాబ్దాలుగా పడి ఉన్న పాత వెండి డాలర్లను 1972 నుంచి 1974 వరకు, తిరిగి 1980లో ప్రభుత్వ సంస్థ జీఎస్ఏ గట్టి పారదర్శక ప్లాస్టిక్ డబ్బీల్లో పెట్టి ప్రజలకు విక్రయించింది. వాటిలో ఎక్కువ భాగం కార్సన్ సిటీ టంకశాలవి. నేటికీ ఆ డబ్బీ సహా ఉన్న నాణేనికి సేకరణకర్తలు విలువ ఇస్తారు. డబ్బీ తెరవకుండానే గ్రేడింగ్ సంస్థ పరీక్షించి, దానిపై తన పట్టీ వేస్తుంది. సీలు వేసింది ప్రభుత్వం, లోపల ఉన్నది కంటికి కనిపిస్తుంది. అందుకే ఆ సీలుకు విలువ.

మరో సందర్భం కాలపరిమితికి చెందినది. నాణెం విడుదలైన తొలి 30 రోజుల్లో తమకు చేరిన వాటికే పీసీజీఎస్ ‘ఫస్ట్ స్ట్రైక్’ గుర్తింపు ఇస్తుంది. గడువు దాటితే, ఆ రోజుల్లోనే టంకశాల నుంచి బయలుదేరినట్టు తపాలా తేదీ గల, తెరవని పెట్టె చూపాలి. అక్కడ తెరవని అట్టపెట్టెకు అదనపు ధర పలకడానికి ఇదొక కారణం. అమెరికాలోని తెలుగువారు బంధువులకు పంపే వెండి ఈగిల్ నాణేల విషయంలో ఈ తేడా తెలిసి ఉండడం మంచిది. గ్రేడింగ్‌కు పంపే ఉద్దేశం లేనివారికి ఆ అట్టపెట్టెతో పని లేదు.

సీలు తీసిన సెట్టు కొనేటప్పుడు

తెరిచిన సెట్టులో ఉన్న గొప్ప సౌలభ్యం పరీక్షించే వీలు. ఆ వీలును వాడుకోకపోతే తక్కువ ధర కూడా ఎక్కువే. కొనే ముందు ఈ కింది వాటిని వరుసగా చూసుకోవాలి.

గెజిట్‌తో పోలిక: ప్రతి స్మారక నాణేనికీ కేంద్ర ఆర్థిక శాఖ భారత గెజిట్‌లో నోటిఫికేషన్ ఇస్తుంది. ఆకారం, వ్యాసం, లోహపు పాళ్లు, అంచుపై గీతల సంఖ్య, రెండు ముఖాల నమూనా అందులో ఉంటాయి. 44 మిల్లీమీటర్ల నాణేలకు అంచు గీతలు 200. ఈ-గెజిట్ వెబ్‌సైట్‌లో ఇది ఉచితంగా లభిస్తుంది. అమ్మేవారి మాట కంటే ఈ పత్రమే ప్రమాణం.

టంకశాల గుర్తు: సాధారణంగా ఇది సంవత్సరం కింద ఉంటుంది. నోయిడాకు చుక్క, హైదరాబాద్‌కు నక్షత్రం, ముంబయికి వజ్రాకారం. ముంబయి ప్రూఫ్ నాణేలపై ‘ఎం’ అక్షరం ఉంటుంది, అంతకుముందు ‘బి’ ఉండేది. కోల్‌కతాకు గుర్తు ఉండదు. పెట్టెపై ఒక టంకశాల పేరుండి, నాణెంపై మరొక గుర్తుంటే లోపల మార్పు జరిగినట్టే.

ప్రూఫా, యూఎన్‌సీయా: ఖరీదైన ప్రూఫ్ నాణేన్ని తీసి, ఆ పెట్టెలో యూఎన్‌సీ నాణెం పెట్టడం తెరిచిన సెట్లలో జరగగల మోసం. నాణేన్ని దీపం కింద వాల్చి చూస్తే ప్రూఫ్ నేపథ్యం ముఖం కనిపించే అద్దంలా ఉంటుంది.

బరువు, కొలత: గ్రాములో వందో వంతు చూపే చిన్న త్రాసు, వెర్నియర్ కాలిపర్ సరిపోతాయి. నాణేన్ని అంచులు పట్టుకునే తూచాలి.

అయస్కాంతం: అంటుకుంటే వెండి మిశ్రమం కాదు. అంటుకోకపోతే వెండేనని చెప్పలేం. ఇత్తడి, రాగి-నికెల్ మిశ్రమం కూడా అంటుకోవు.

నీటి పరీక్ష: గిన్నెలో డిస్టిల్డ్ వాటర్ పోసి త్రాసుపై ఉంచి, అంకెను సున్నాకు తేవాలి. నాణేన్ని సన్నని దారంతో కట్టి, గిన్నె అడుగుకు, అంచుకు తగలకుండా పూర్తిగా ముంచాలి. 35 గ్రాముల చతుర్లోహ నాణెమైతే త్రాసు దాదాపు 3.7 గ్రాములు చూపుతుంది. అదే బరువున్న రాగి-నికెల్ నకిలీ అయితే 3.9 చూపుతుంది. శుద్ధ వెండి అయితే 3.3 మాత్రమే. సాంద్రతల తేడాయే దీనికి ఆధారం. ప్రూఫ్ నాణేలపై ఈ పరీక్ష చేయరాదు. వాటికి లోహాన్ని తాకకుండానే పాళ్లు చూపే ఎక్స్‌ఆర్ఎఫ్ యంత్రం ఉన్న పరీక్షా కేంద్రం మేలు.

తోమిన ఆనవాళ్లు: వెండి గిన్నెలను విభూతితోనో, చింతపండుతోనో తోమి తళతళలాడించడం తెలుగు ఇళ్లలో అలవాటు. నాణేనికి అదే పని చేస్తే సేకరణ విలువ పోతుంది. భూతద్దంలో ఒకే దిశలో సన్నని గీతలు కనిపిస్తే ఆ నాణేన్ని లోహం ధరకే లెక్కగట్టాలి.

అనుబంధాలు: పెట్టె, వివరాల కార్డు, బిల్లు. సెట్టులో ఎన్ని నాణేలుండాలో కార్డును బట్టి లెక్కించాలి. ఢిల్లీలో 1982లో జరిగిన ఆసియా క్రీడల సందర్భంగా 100 రూపాయల వెండి నాణెంతో పాటు 10 రూపాయలు, 2 రూపాయలు, 25 పైసల నాణేలు కూడా వచ్చాయి. వెండి నాణెం ఒక్కటే మిగిలిన పెట్టె పూర్తి సెట్టు కాదు.

ద్వారక నుంచి ఎక్కడికి?

ద్వారకవాసులకు ఒక అనుకూలత ఉంది. ద్వారక సెక్టార్ 21 నుంచి నోయిడా ఎలక్ట్రానిక్ సిటీ వరకు నడిచే ఢిల్లీ మెట్రో బ్లూ లైన్ మార్గంలోనే నోయిడా సెక్టార్ 15 స్టేషన్ ఉంది. 1988లో పని మొదలుపెట్టిన నోయిడా టంకశాల సెక్టార్ 1లో ఉంది. నాణేలను టంకశాలలు తమ విక్రయ కేంద్రాల్లోనూ, కార్పొరేషన్ వెబ్‌సైట్ ద్వారానూ విక్రయిస్తాయి. ఏ నాణేలు అందుబాటులో ఉన్నాయో ముందుగా తెలుసుకుని వెళ్లడం మంచిది. హైదరాబాద్ టంకశాల ప్రస్తుతం చర్లపల్లిలో ఉంది. 1903 నాటి సైఫాబాద్ టంకశాల భవనంలో 2022లో మ్యూజియం ఏర్పాటైంది.

టంకశాల నుంచి నేరుగా కొంటే సీలు ప్రశ్నే తలెత్తదు. బుక్ చేసిన తరువాత నాణెం అందడానికి నెలలు పట్టవచ్చు. ఆ ఓపిక లేనివారే ఇతరుల వద్ద ఎక్కువ ధర పెడతారు. పాత నాణేల కోసం రాజీవ్ చౌక్‌లో ఎల్లో లైన్‌కు మారి చాందినీ చౌక్ చేరితే, వెండి వ్యాపారానికి పేరొందిన దరీబా కలాన్ దగ్గరే. ఎక్కడ కొన్నా నాణెం పేరు, సంవత్సరం, ప్రూఫా యూఎన్‌సీయా, బరువు, వెండి శాతం రాసిన బిల్లు తీసుకోవాలి. ‘వెండి నాణెం 1’ అని మాత్రమే రాసిన బిల్లు వివాదం వచ్చినప్పుడు అక్కరకు రాదు. వెండిపై జీఎస్టీ 3 శాతం.

ఆన్‌లైన్‌లో సీలు వేసిన సెట్టు తెప్పించుకుంటే, పార్సిల్ చిరునామా చీటీ కనిపించే దశ నుంచి నాణెం బరువు చూసే వరకు ఆగకుండా వీడియో తీయాలి. తెరిచి చూసిన తరువాత లోపం తేలితే వెనక్కి తీసుకుంటారా అన్నది డబ్బు చెల్లించకముందే రాతపూర్వకంగా అడగాలి. ఈ ప్రశ్నకు జవాబు దాటవేసేవారి వద్ద సీలుకు అదనపు ధర ఇవ్వడం వివేకం కాదు.

హాల్‌మార్కు విషయంలోనూ స్పష్టత అవసరం. వెండి ఆభరణాలు, వస్తువులకు 2025 సెప్టెంబర్ 1 నుంచి హెచ్‌యూఐడీ సంఖ్యతో కూడిన హాల్‌మార్కింగ్ స్వచ్ఛంద ప్రాతిపదికన అమల్లోకి వచ్చింది. ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. ప్రభుత్వ స్మారక నాణేలకు మాత్రం గెజిట్‌లో ప్రకటించిన పాళ్లే ప్రమాణం.

చట్టం ఏమంటోంది?

నాణేల చట్టం 2011 ప్రకారం ప్రభుత్వ నాణేలను కరిగించడం, ధ్వంసం చేయడం నిషిద్ధం. వెయ్యి రూపాయలకు మించిన విలువతో నాణెం ముద్రించే వీలు కూడా ఆ చట్టంలో లేదు. అంతకు మించిన అంకె గల ‘ప్రభుత్వ నాణెం’ ఎవరైనా చూపితే అది భారత ప్రభుత్వ నాణెం కాదు. నూరేళ్లు దాటిన నాణేలు పురావస్తువుల చట్టం 1972 పరిధిలోకి వస్తాయి. వాటిని అనుమతి లేకుండా విదేశాలకు తీసుకుపోరాదు. తాతల నాటి రూపాయలను అమెరికాలోని పిల్లలకు పంపాలనుకునేవారు ఈ విషయం గుర్తుంచుకోవాలి.

మోసపోయినవారు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరులో ఫిర్యాదు చేయవచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం, అమ్మినవారు ఏ ఊరివారైనా, కొన్నవారు తాము నివసించే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. గడువు రెండేళ్లు. సీలు వేసిన సెట్టును తెరవకుండా దాచి, మూడో ఏట తెరిచి చూసినవారికి ఈ గడువే అడ్డంకి కావచ్చు.

ఇంట్లో భద్రపరచడం

నాణేన్ని అంచులు పట్టుకునే, వీలైతే నూలు లేదా నైట్రైల్ చేతిజోళ్లతో తాకాలి. వేలిముద్రలోని ఉప్పు, జిడ్డు ప్రూఫ్ నేపథ్యంపై చెరగని మరకగా మారతాయి. పీవీసీ లేని గట్టి క్యాప్సూల్ లేదా పాలిస్టర్ అర వాడాలి. రబ్బరు బ్యాండు, వార్తాపత్రిక, ఉన్నిబట్ట దగ్గర పెట్టరాదు. వర్షాకాలపు తేమకు సిలికా జెల్ పొట్లం ఉంచి, దాన్ని తరచూ మార్చాలి. పూజలో ఉంచదలచిన నాణేనికి పసుపు, కుంకుమ నేరుగా అద్దకుండా క్యాప్సూల్‌తో సహా ఉంచితే ఆచారమూ నిలుస్తుంది, నాణెమూ నిలుస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, బిల్లును నాణెంతో పాటు దాచడం. తరువాతి తరానికి పెట్టె మిగిలి బిల్లు పోతే, సీలు గురించి సందేహాలు మళ్లీ మొదటికి వస్తాయి.

ఎవరికి ఏది?

కానుకగా ఇచ్చేవారికి టంకశాల నుంచి నేరుగా తెప్పించిన సీలు వేసిన సెట్టు తగినది. సేకరణ కోసం కొనేవారికి బయటి పెట్టె తెరిచి, క్యాప్సూల్ చెక్కుచెదరని, బిల్లు ఉన్న సెట్టు ఉత్తమం. వెండిపై పెట్టుబడి మాత్రమే ఉద్దేశమైతే స్మారక నాణెం సరైన దారి కాదు. 50 శాతం మిశ్రమానికి శుద్ధ వెండి కంటే ఎక్కువ ధర పెట్టినవారు, అమ్మే రోజున మరో సేకరణకర్త దొరికితేనే ఆ డబ్బు తిరిగి చూస్తారు. వారసత్వంగా వచ్చిన పాత సీలు సెట్టు ఉన్నవారు తొందరపడి తెరవనూ వద్దు, తొందరపడి అమ్మనూ వద్దు. ప్లాస్టిక్ లోపల ఆకుపచ్చ మరక కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయరాదు. నాణేన్ని కాపాడడానికి తీసిన సీలు వల్ల కలిగే నష్టం, సీలును కాపాడడానికి పోగొట్టుకున్న నాణెం వల్ల కలిగే నష్టం కంటే ఎప్పుడూ తక్కువే.